షావుకారుగారి లారీ, నా కుళ్ళు

మా ఇంట్లో తోస్తే గానీ కదలని పాత బళ్ళు రెండున్నాయి. ఒకటి పెరట్లో షెడ్డులో ఉంటుంది. రెండోది ఇది రాస్తోంది. షెడ్డులో దాన్ని కదపడానికి నలుగురు మనుషులు కావాలి. నన్ను కదపడానికి మా ఆవిడ ఒక్కర్తే చాలు.

ఏడో తరగతి మధ్యలో బడి మానేసి ఎర్రమట్టి లారీ ఎక్కినవాణ్ణి. బడి నన్ను మళ్ళీ రమ్మనలేదు, నేనూ దాన్ని ఇబ్బంది పెట్టలేదు. కడియం నర్సరీలకి ఎర్రమట్టి, ఎరువు తోలుకుంటూ బతికాను. ఇప్పటికీ అదే పని. దానికి వేరే బళ్ళున్నాయి. షెడ్డులోది మాత్రం సరదాకి. ముందుకి ముక్కు పొడుచుకొచ్చిన పాతకాలం లారీ. ధవళేశ్వరంలో ఓ తుక్కు కొట్టు వెనకాల కాకరపాదు కప్పుకుని పడుంటే కనిపించింది. పాదు పక్కకి లాగితే ముక్కు బయటపడింది. చిన్నప్పుడు నేనెక్కిన మొదటి లారీ ముక్కు అచ్చం అలాగే ఉండేది. కాకరకాయలతో సహా కొనేశాను.

ఆ తర్వాత నా ఆదివారాలన్నీ దాని కిందే గడిచాయి. ఇంజను విప్పడం, కిరసనాయిలుతో కడగడం, మళ్ళీ బిగించడం. బిగించిన ప్రతిసారీ కొన్ని బోల్టులు మిగిలేవి. వాటిని ఓ డబ్బాలో వేసేవాణ్ణి.

"ఇంకొన్నాళ్ళు ఇలాగే బాగుచేశారనుకోండి, ఆ డబ్బాలోనే ఇంకో లారీ తయారవుద్ది" అనేది మా ఆవిడ.

ఏమైతేనేం, బండి లేచింది. పొద్దున్నే లేవమంటే లేవదు. నలుగురు తోసి, కాలవగట్టు పల్లంలోకి వదిలితే దగ్గి, తుమ్మి, నల్లటి పొగ వదిలి లేచేది. ఆ పొగలో నిలబడి నేను మహారాజులా నవ్వేవాణ్ణి. చుట్టుపక్కల ముక్కు లారీ అంటే నాదే. ఆ మాట నాకు చాలా ఇష్టంగా ఉండేది.

అప్పుడు షావుకారుగారు వచ్చారు.

ఆయనది రాజమండ్రిలో బట్టల కొట్టు. తాతల నాటి వ్యాపారం. ఓ రోజు మా షెడ్డుకొచ్చి, చెప్పులు బయట విప్పి మరీ లోపలికొచ్చి, బండి చుట్టూ తిరిగి చూసి, "గురువుగారూ, ఇలాంటిది నాకూ ఒకటి వెతికిపెడతారా?" అన్నారు. గురువుగారూ అనేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. నేనే దగ్గరుండి వెతికాను. నేనే బేరమాడాను. ఆ ముక్కు లారీ ఆయన గోడౌనుకి వెళ్ళే దాకా నేనే ముందు సీట్లో కూర్చున్నాను. నా కొంపకి నేనే నిప్పు మోసుకెళ్తున్నానని నాకేం తెలుసు!

ఏడాది తిరిగేసరికి ఆయన బండి నా బండి కంటే బాగా తయారైంది. కాస్త బాగా అయితే ఓర్చుకునేవాణ్ణి. అది తాళం తిప్పగానే లేచేది. తొయ్యక్కర్లేదు, పల్లం అక్కర్లేదు, దణ్ణం పెట్టక్కర్లేదు. ఒక్క తిప్పుకి 'గుర్ర్' మని పెద్దపులి ఆవలించినట్టు లేచి, తర్వాత నిద్రపోయే పిల్లాడి ఊపిరిలా ఆడేది. రంగు చూస్తే అందులో మన మొహం కనపడేది. నా మొహం అంత కుళ్ళుగా ఉంటుందని ఆ రంగులోనే నాకు మొదట తెలిసింది.

ఆయన దానికి ముసుగు కూడా కుట్టించారు. కొట్లోని మంచి సోఫా గుడ్డతో, లారీ కొలతలకి, ముక్కు దగ్గర ముక్కు, అద్దాల దగ్గర అద్దాలు వచ్చేలా. మా ఆవిడకి ఆ ఏడు నేను కొన్న చీర కంటే ఆ ముసుగు గుడ్డ బాగుంది. ఈ సంగతి మా ఆవిడే చెప్పింది.

ఆ బండిని చూడకుండా ఉండలేను. చూస్తే కడుపు మండుతుంది. అయినా వారానికోసారి రాజమండ్రి వెళ్ళేవాణ్ణి. ఊరికే వెళ్తే బాగోదని ఆయన కొట్లో ఓ తువ్వాలు కొనేవాణ్ణి. తువ్వాలు కట్టించుకుంటూ, "బండి ఎలా ఉందండీ?" అని అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగేవాణ్ణి. "రండి గురువుగారూ చూద్దురుగాని" అని ఆయన గోడౌను తలుపు తీసేవారు. నేను టైర్లు చూసేవాణ్ణి, ఆయిలు కారిన మరకేదైనా ఉందేమోనని కిందకి వంగి చూసేవాణ్ణి. ఉండేది కాదు. నా షెడ్డులో నేల చూస్తే వంటనూనె గానుగనుకుంటారు.

"ఇవాళ కూడా తువ్వాలేనాండీ?" అనేది మా ఆవిడ సంచీ చూసి. "మనిద్దరికీ కలిపి ఒళ్ళెంతుందని?"

అన్నిటికంటే మంట ఎక్కడంటే, మా షెడ్డుకి ఎవరైనా కొత్తవాళ్ళొస్తే, "అబ్బ, షావుకారుగారి బండి లాంటిదే!" అనేవారు. నాది ముందొచ్చింది. ఆయనది నేను చూపిస్తే వచ్చింది. అయినా నాదే ఆయన దానిలా ఉందట.

ఇదంతా ఎలాగో మింగుకుని ఉండేవాణ్ణి గానీ, మొదటి లోడు దగ్గరికి వచ్చేసరికి మింగుడు పడలేదు.

మా నర్సరీల వీధికి ఓ ఆనవాయితీ ఉంది. తొలకరి పడగానే పైరాష్ట్రాలకి మొక్కల లోళ్ళు మొదలవుతాయి. ఓ ఏడు మొదటి లోడుకి రావాల్సిన పెద్ద లారీ టైరు పేలి మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. అప్పుడు మొక్కల్ని నా ముక్కు లారీ మీద గట్టంట రోడ్డు దాకా చేరవేసి, అక్కడ పెద్ద బండిలోకి మార్చాం. ఆ ఏడు వీధి మొత్తానికి అమ్మకం బ్రహ్మాండంగా జరిగింది. అంతే, ఆ మరుసటేడు నుంచి పెద్ద లారీ టైర్లు నిక్షేపంలా ఉన్నా సరే, మొదటి లోడు నా బండి మీదే రోడ్డెక్కాలి. ఎక్కించి, దింపి, మళ్ళీ ఎక్కించడం ఎంత చాకిరీయో అందరికీ తెలుసు. మానేద్దామని మాత్రం ఒక్కరూ అనరు. ఆ ఒక్క పూట పసుపు, బంతిదండ, కొబ్బరికాయ అన్నీ నా బండికే. ముందు సీట్లో నేను. ఏడాదంతా మట్టి మనిషిని, ఆ పూట మాత్రం పెళ్ళికొడుకుని.

వీధిలో ఏదైనా మామ్మగారి మాటే. అందరికంటే పాత నర్సరీ ఆవిడది. గులాబీ కొమ్మ చూసి దాని జాతకం చెప్తుంది, మనిషిని చూసి కూడా. మొన్న వేసవిలో షావుకారుగారు ఇంటికి మొక్కలు కావాలని తన ముక్కు లారీ వేసుకుని మా వీధికి వచ్చారు. మొక్కలు ఎక్కించాక ఒక్క తిప్పుకి బండి లేచింది. మామ్మగారు దగ్గరికెళ్ళి దాని ముక్కు మీద చెయ్యి వేసి నిమిరింది. నా బండి ముక్కు మీద ఆవిడ ఎప్పుడైనా ఏదైనా పెట్టిందంటే అది మజ్జిగ గ్లాసే.

సాయంత్రం నన్ను పిలిచింది.

"ఏరా అబ్బాయ్, కిందటేడు నీ బండి పలకల సందుల్లోంచి గులాబీ సంచులు జారి గట్టు మీద పడ్డాయి. బండెళ్ళిన దారి కనుక్కోడానికి బానే ఉంది గానీ, మొదటి లోడుకి శకునం బాలేదు. ఈసారి షావుకారు బండి అడుగుదామనుకుంటున్నా."

"మామ్మగారూ, పలకలే కదండీ! తొలకరికి కొత్త బాడీ కట్టించేస్తాను. సూది దూరితే నా పేరు మార్చుకుంటాను."

"నీ పేరుతో నాకేం పనిరా? బాడీ కట్టించు, చూద్దాం."

షావుకారుగారి బండికి బాడీ కట్టిన వడ్రంగి రాజమండ్రిలోనే ఉన్నాడు. మంచి పనివాడు. అక్కడికెళ్తే అయిపోయేది. వెళ్ళను. ఆ వడ్రంగి చేసిన పనే మళ్ళీ నాకు చేస్తే, షావుకారుగారి బండి లాంటిదే అంటారు. అంతకంటే గొప్పది కావాలి నాకు. ఆలోచించి ఆలోచించి అంతర్వేది వైపు వెళ్ళి, సముద్రం మీదకెళ్ళే చెక్క పడవలు కట్టే మేస్త్రిని పట్టుకున్నాను. పడవైనా లారీ అయినా పలకలే కదా. పైగా సముద్రాన్నే ఆపేవాడికి గులాబీ సంచి ఓ లెక్కా!

ఆయన చేపలు పట్టే ఇంట పుట్టిన మనిషి. లారీ బాడీ ఎప్పుడూ కట్టలేదని ముందే చెప్పాడు.

"పడవ లాగే కట్టండి" అన్నాను.

"అయితే కట్టేత్తానండి. సందుల్లో నార కూరి గుగ్గిలం పెట్టమంటారా?"

"పెట్టండి. చుక్క దాటకూడదు."

"ఆయ్. నా సేతిలో పని నీళ్ళకి దారిత్తే నేను మా రేవులో తలెత్తుకోలేనండి బాబుగోరూ."

నల్లమద్ది పలకలు తెచ్చాం. ఆయనా, ఆయన బావమరిదీ మా షెడ్డులోనే పనిచేశారు. పలకని పలకకి ఆనించి, ఒక కన్ను మూసి చూసి, మళ్ళీ చెక్కి, మళ్ళీ ఆనించేవారు. నారని ఉలితో సందుల్లోకి కొట్టేవారు. కాచిన గుగ్గిలం వాసనకి మా షెడ్డు గుడిలా ఉండేది. వెనక డోరుకి కూడా, మూస్తే పెట్టె మూతలా బిగుసుకునేలా అంచులు కట్టారు. పూర్తయ్యాక చూస్తే లారీ ఛాసిస్ మీద పడవ వచ్చి వాలినట్టుంది. అంత అందమైన బాడీ నేను చూడలేదు. షావుకారుగారి బండికీ లేదు. ముఖ్యంగా షావుకారుగారి బండికి లేదు.

గొప్ప కోసం వీధంతా పిలిచాను. అందరి ముందూ బాడీలోకి ఓ బిందెడు నీళ్ళు వంచాను. "ఇప్పుడు కింద చూడండి!" అన్నాను. అందరూ వంగి చూశారు. ఒక్క చుక్క లేదు. చప్పట్లు కొట్టారు. మామ్మగారు కూడా వంగి చూసి, "గట్టివాడివేరా. ఈసారికి నీ బండే" అంది. మేస్త్రి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

అందరూ వెళ్ళాక లోపల నిలిచిపోయిన నీళ్ళని షావుకారుగారి కొట్లో కొన్న తువ్వాళ్ళతో ఒత్తి ఒత్తి పిండి పారబోశాను. ఆ నీళ్ళు నాకేదో చెప్పబోయాయనే ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు వినే స్థితిలో లేను. షావుకారుగారు చూసినప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందా అని ఊహించుకోవడంలో ఉన్నాను.

తొలకరి పడింది. మొదటి లోడు రోజున షావుకారుగారు తన బండి వేసుకుని, పూతరేకుల డబ్బా పట్టుకుని, తెల్లబట్టల్లో వచ్చారు. నేనే పిలిచాను, చూడాలి కదా మరి. ఆయన బాడీ చుట్టూ తిరిగారు, పలకల మీద వేలు రాశారు, డోరు సందు కోసం వెతికారు.

"గురువుగారూ, ఇలాంటి పని నా బండికి లేదండి" అన్నారు.

ఆ మాట కోసం ఎన్ని తువ్వాళ్ళు కొన్నానో! ఆయన కళ్ళలోకి చూశాను. కాస్త కుళ్ళు కనపడుతుందేమో, పిసరంత కనపడినా చాలని. లేదు. మనిషి నిజంగా సంతోషపడుతున్నాడు. నా గెలుపు అక్కడే సగం చప్పబడిపోయింది. కుళ్ళుకోని మనిషిని ఓడించడం ఎలాగో నాకు ఇప్పటికీ తెలీదు.

మొక్కలు ఎక్కించారు. నల్ల సంచుల్లో గులాబీలు, క్రోటన్లు, మామిడి అంట్లు, వరసగా, పొందిగ్గా. ఒక్క సంచి జారే సందు లేదు. దూరం వెళ్ళే లోడు కదా, బయల్దేరే ముందు బాగా తడపాలి. ఏ నర్సరీలో అయినా అదే పద్ధతి. మొక్కలు కడుపునిండా తాగుతాయి, మిగతా నీళ్ళు పలకల సందుల్లోంచి కారిపోతాయి. ఇద్దరు కూలీలు రెండు పక్కలా నిలబడి మోటారు పైపులతో కొట్టారు. పంతులుగారు మంత్రాలు మొదలుపెట్టారు. మంత్రాలయ్యే దాకా వాళ్ళు పైపులు ఆపలేదు.

నేను సీట్లో కూర్చున్నాను. నలుగురు తోశారు. బండి కదల్లేదు. ఇంకో నలుగురు వచ్చారు. కదిలింది గానీ, నిండు చూలాలు లేచినట్టు కదిలింది. పల్లంలోకి దిగి ఇంజను లేచింది. గట్టు ఎక్కబోయేసరికి వెనకాల ఏదో 'దభేల్' మని తలుపుకి కొట్టుకుంది. బ్రేకు వేశాను. ఇప్పుడు అదే ముందుకొచ్చి క్యాబిన్ వెనక 'దభేల్' మంది. అద్దంలో చూస్తే బాడీ అంచు మీంచి ఎర్రటి నీళ్ళు పొర్లి పడుతున్నాయి. వాటితోపాటు ఓ గులాబీ మొక్క ఈదుకుంటూ అంచు దాకా వచ్చి, నన్ను చూసి, వెనక్కెళ్ళిపోయింది.

దిగి పరిగెత్తాను. అందరూ బాడీ ఎక్కి చూస్తున్నారు. చిన్న సంచులు తేలుతున్నాయి. పెద్ద సంచులు మునిగున్నాయి. మట్టి కరిగి బాడీ నిండా ఎర్రటి పులుసు. తన పనితనం చూసుకోడానికి అంతర్వేది నుంచి వచ్చిన మేస్త్రి మాత్రం బండి కిందకి దూరి, పైకి చూస్తూ, ఆనందం పట్టలేక అరుస్తున్నాడు.

"సూశారా బాబుగోరూ! ఇన్ని నీళ్ళున్నాయా, ఒక్క బొట్టు దిగిందా?"

"దిగలేదండీ, దిగలేదు" అన్నాను. ఇంకేమనను?

వెనక డోరు తీద్దామంటే తడికి ఉబ్బి బిగుసుకుపోయింది. చిల్లులు కొట్టండంటే మేస్త్రి ఉలి వెనక్కి దాచుకున్నాడు. "సంపండి గానీ, కట్టిన సేత్తో సిల్లెట్టమనకండి" అన్నాడు. చివరికి గునపంతో మీటి లాగితే డోరు ఒక్కసారిగా ఊడొచ్చింది. నీళ్ళు, మట్టి, గులాబీలు అన్నీ కలిసి వీధిలోకి వరదలా దూకాయి. కొట్టుకుపోతున్న అంట్లని పట్టుకోవడానికి అందరికంటే ముందు ఆ బురదలోకి దిగింది తెల్లబట్టల షావుకారుగారే. అది కూడా ఆయనే!

"గడియ దాటిపోతోంది" అంది మామ్మగారు, నా వంక చూడకుండా. "షావుకారూ, నీ బండి ఇటు తిప్పవయ్యా."

నా మెడలో దండ తీసినంత పనైంది. నిజంగానే నా బండి ముక్కు మీద దండ తీసి ఆయన బండికి వేశారు. బతికిన మొక్కల్ని, లోపల్నుంచి తెచ్చిన కొత్త మొక్కల్ని ఆయన బండిలో సర్దారు. తడిపారు. నీళ్ళు పలకల సందుల్లోంచి చక్కగా ధారలుగా కారిపోయాయి. నిలబడి చూశాను. నా జన్మలో అంత కుళ్ళు పుట్టించిన దృశ్యం ఇంకోటి లేదు. ఓ లారీ కారుతుంటే చూసి కుళ్ళుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో!

మోకాళ్ళ దాకా బురదతో షావుకారుగారు నా దగ్గరికొచ్చి తాళం చేతిలో పెట్టారు.

"మీరే తోలండి గురువుగారూ. ఏటేటా మీ చేత్తో జరుగుతున్నదే కదా."

వద్దనాలి. రోషం ఉన్నవాడెవడైనా వద్దంటాడు. నేను అప్పటికే సీట్లో ఉన్నాను.

తాళం తిప్పాను. లేచింది. గేరు వేస్తే గడ్డపెరుగులో గరిట దిగినట్టు దిగింది. స్టీరింగు రెండు వేళ్ళతో తిరిగింది. అంత బరువుతో గట్టెక్కుతుంటే ఇంజను ఒక్క దగ్గు దగ్గలేదు. ఇన్నాళ్ళూ బయట నుంచి చూసి కుళ్ళుకున్నాను, అది ఓ కుళ్ళే కాదు. లోపల కూర్చుని, చేత్తో పట్టుకుని, ఇది నాది కాదు అనుకోవడం ఉంది చూశారూ, అదీ అసలు కుళ్ళంటే. పక్కనే క్లీనర్లా కూర్చుని షావుకారుగారు, "గేరు కాస్త బిగువుగా లేదాండీ?" అని అడిగారు. "కొద్దిగా ఉందండి" అని అబద్ధమాడాను. ఆ మాత్రం ఆనందం నాకు ఉండొద్దా?

మెయిన్ రోడ్డు దగ్గర కొబ్బరికాయ కొట్టారు. పెద్ద లారీలోకి మొక్కలు మార్చారు. అది నాగపూర్ వైపు వెళ్ళిపోయింది. నేను ఆ బండిని మళ్ళీ వీధిలోకి తెచ్చి, కావాలనే మెల్లిగా ఆపి, ఇంకాస్త కూర్చుని, దిగి, తాళం ఆయనకిచ్చేశాను. మేస్త్రి నా బండి పక్కన కూర్చుని తడిసిన పలకల్ని ప్రేమగా తుడుచుకుంటున్నాడు.

సాయంత్రం మామ్మగారి నర్సరీలో టీ తాగుతూ వీధంతా కూర్చున్నారు. షావుకారుగారు వెళ్ళిపోయారు. వచ్చే ఏటికి ఎవరి బండి అన్న మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఏమంటారో నాకు తెలుసు. అందుకని నేనే ముందు నవ్వుతూ ఎత్తాను.

"మామ్మగారూ, బండి ఎవరిదైతే ఏముందండీ? తోలింది నేనే కదా. మొదటి లోడు ఈ ఏడు కూడా నాదేనని రాసుకోండి."

మామ్మగారు టీ గ్లాసు కింద పెట్టింది.

"ఒరేయ్ అబ్బాయ్, తాళిబొట్టు పళ్ళెంలోంచి తీసి పెళ్ళికొడుకు చేతికిచ్చేది పంతులుగారేరా. అంతమాత్రాన సాయంత్రం పెళ్ళికూతురు ఆయనింటికెళ్ళుద్దా?"